కొయ్యగుర్రం మీద చర్చలు

మా ఇంటి వరండా నుంచి,
ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక.

పూజ్యులైన బావగారి సన్నిధికి,

మరదలు వినయంగా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం కులాసా. మనుషులే కాదు, ఈ వారం నుంచి మా కాళ్ళు కూడా కులాసా. అక్కడ మీరూ, మీ బడీ, మీ రక్తపోటూ ఎవరి హద్దుల్లో వాళ్ళు ఉన్నారని తలుస్తాను. అక్క శుక్రవారం సాయంత్రం క్షేమంగా దిగింది. ఇవాళ సాయంత్రం బయలుదేరుతుంది. ఫోనులో చెప్పిన మాట గాలికి పోతుందనీ, కాగితం మీద పడ్డదే మాట అనీ మీరెప్పుడూ అంటారు కదా, అందుకని ఇదంతా రాసి అక్క చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మీ ఉత్తరం అందింది. మొదటి పేజీలో ఆశీస్సులు, మిగతా మూడు పేజీల్లో అక్షింతలు. మన ఇంటి పిల్ల బడి ఆవరణలో నేల మీద చతికిలబడి నినాదాలిచ్చిందట, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు అని రాశారు. ఆ నలుగురూ ఒకే రకంగా అనుకుని ఉంటారు బావగారూ, మా గొంతులు అంత కలిశాయి ఆ రోజు. సంఘాలూ సమ్మెలూ కార్ఖానాల్లో వాళ్ళకి గాని గురువులకెందుకన్నారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత కూడా చెప్పారు. నిలబడి చెబితే పిక్కలు కరుగుతాయని ఎవరూ సామెత కట్టలేదు, కట్టవలసింది. చివర్లో అక్కను చూసి నేర్చుకో, ఇన్నేళ్ళుగా నా బడిలోనే నా కిందే పనిచేస్తోంది, ఒక్కనాడైనా నోరెత్తిందా అన్నారు. అక్కను చూసి నేర్చుకుంటూనే ఉన్నానండీ.

మీరు అంత కోప్పడ్డారు గనుక అసలేం జరిగిందో మొదటి నుంచి చెప్పడం నా ధర్మం.

మా బడి యజమానిని మేమంతా పెద్దాయన అంటాం. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే చెప్పుడు మాటలు వినే రకం. ఈ ఏడు బడి తెరిచిన రోజున మేం తరగతుల్లోకి వెళ్ళేసరికి బల్లలున్నాయి, నల్లబల్లలున్నాయి, మా కుర్చీలు మాత్రం లేవు. అన్నింటినీ పట్టుకెళ్ళి స్టోరు గదిలో పెట్టి తాళం వేయించారు. నోటీసు బోర్డు మీద ఒక సర్క్యులర్ అంటించారు. కూర్చున్న టీచరు కునుకు తీస్తాడు, నిలబడ్డ టీచరు బడిని నిలబెడతాడు అని అందులో ఉంది. మా లెక్కల మాస్టారు కళ్ళజోడు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివి, రుజువేదీ అన్నారు.

దానికి తోడు ప్రతి తరగతి గదిలో ఒక కెమెరా పెట్టారు. ఆ బొమ్మలన్నీ పెద్దాయన గదిలో గోడకున్న టీవీలో వరసగా కనిపిస్తాయి. ఆయన తిరుగుడు కుర్చీలో వెనక్కి వాలి, మేం నిలబడ్డామో లేదో చూస్తూ ఉంటారు. బడి మొత్తం మీద కుర్చీ మిగిలిన ఉద్యోగి గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే. అతని మీద మాకందరికీ అసూయ పుట్టింది. సోషలు టీచరయితే విరామంలో రోజూ గేటు దగ్గరకు వెళ్ళి అతని ఇంటిల్లిపాది క్షేమం కనుక్కోవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు పలకరిస్తే లేచి నిలబడడం అతని మర్యాద, ఆ వంకన కుర్చీ ఖాళీ కావడం ఆమె అదృష్టం. కొన్నాళ్ళకి అతనికి విషయం అర్థమై, బాగానే ఉన్నారమ్మా కూర్చోండి అని ముందే చెప్పేసేవాడు.

నిలబడి పాఠం చెప్పడం మాకు కొత్త కాదు. తిరుగుతూ చెబితేనే నాకు నోరు సాగుతుంది. కానీ కూర్చోకూడదు అన్నాక కాళ్ళకి ఎక్కడలేని బరువూ వచ్చేస్తుంది బావగారూ. పిల్లల పుస్తకాలు కిటికీ అంచు మీద పెట్టి దిద్దేవాళ్ళం. సాయంత్రానికి పిక్కలు పట్టేసేవి. ఇంటికొచ్చి కాళ్ళు గోడకి ఎత్తి పెట్టుకుని పడుకుంటే మీ తమ్ముడుగారు, అదేనండీ నా మొగుడు, ఇదేం యోగాసనం అని వేళాకోళం చేసేవారు.

ఇంతవరకు మేం నవ్వుకుంటూనే భరించాం. బుజ్జి క్లాసు టీచరు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

బుజ్జి క్లాసంటే అక్షరాలు ఇంకా రాని పసివాళ్ళ తరగతి. ఆ టీచరు చిన్నపిల్ల, నోట్లో నాలుక లేని మనిషి, తొలిచూలు. ఆరో నెల. మొగుడు పనిచేసే షాపు మూతపడి ఇల్లంతా ఈ పిల్ల ఉద్యోగం మీదే నడుస్తోంది. ఆ గదిలో పిల్లలు ఆడుకునే కొయ్యగుర్రం ఒకటుంది, ముందుకీ వెనక్కీ ఊగేది. ఒక రోజు కళ్ళు తిరిగినట్టయి ఆ పిల్ల దాని మీద కూర్చుంది. సాయంత్రానికి మెమో వచ్చింది. తరగతి వేళలో తాము కొయ్యగుర్రముపై ఆసీనులై ఉన్నట్లు కెమెరాలో గమనించడమైనది, సంజాయిషీ ఇవ్వవలెను, అని.

సంజాయిషీ ఏం రాయాలో చెప్పడానికి మేమంతా ఎగబడ్డాం. గుర్రం గట్టిగా ఉందో లేదో పిల్లల క్షేమం కోసం పరీక్షించితిని అని రాయమన్నారు డ్రిల్లు మాస్టారు. జంతువుల పాఠం చెబుతున్నానని రాయమన్నాను నేను. ఆ పిల్ల అన్నీ విని తలూపి, తనకు తోచినట్టు రాసిచ్చింది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, కూర్చున్నాను, అంతే. నిజం రాస్తే ఏమవుతుంది? రెండో మెమో వచ్చింది. ఈసారి గోడకు ఆనుకున్నందుకు. మూడో మెమో వస్తే ఉద్యోగం ఉండదని దాని కిందే రాసి ఉంది. ఆ పిల్ల కాగితం పట్టుకుని స్టాఫ్ రూంలో నిలబడి ఏడ్చింది. కూర్చుని ఏడవడానికి కూడా చోటు లేదు. అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా సంఘం పుట్టింది ఆ మంటలోనే, మీరు రాసినట్టు బయటివాళ్ళెవరో నూరిపోసింది కాదు.

మొదటి సమావేశం సైన్సు ల్యాబులో పెట్టుకున్నాం. అక్కడున్న స్టూళ్ళు కుర్చీల లెక్కలోకి రాలేదు, పరికరాల లెక్కలోకి పోయాయి. అందుకే బతికిపోయాయి. ల్యాబు తాళంచెవి సైన్సు టీచరు దగ్గరే కదా ఉండేది, కాబట్టి కార్యదర్శివి నువ్వే అన్నారు నన్ను. అందరికంటే పెద్దవారు గనుక లెక్కల మాస్టారు అధ్యక్షులు. ఇదీ మా ఎన్నిక.

బావగారూ, టీచర్ల చేత సమావేశం నడిపించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? పిల్లలు చేస్తే గోడకుర్చీ వేయించే పనులన్నీ మేమే చేశాం. వెనక స్టూళ్ళు ముందు నిండిపోయాయి. కబుర్లు. లెక్కల మాస్టారు సుద్దముక్క విసరబోయి తమాయించుకున్నారు. కోరికల పత్రం చదివి సంతకాలు పెట్టండమ్మా అని చుట్టూ తిప్పితే, తిరిగి నా చేతికొచ్చేసరికి సంతకాలు లేవు. ఎర్ర సిరాతో దిద్దుబాట్లున్నాయి, కింద పదికి ఆరున్నర అని మార్కులున్నాయి. ఎవరు వేశారంటే అందరూ పక్కవాళ్ళని చూపించారు. సమ్మెకు ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు అధ్యక్షులు. అందరూ ఎత్తారు, ఏకగ్రీవం అని చప్పట్లు కొట్టాం. అందులో ఇద్దరు బాత్‌రూంకి వెళ్ళొస్తామని అడగడానికి ఎత్తారట. తరువాత విడిగా అడిగితే సమ్మెకు కూడా సరేనన్నారు లెండి.

అసలు పేచీ ఎక్కడ వచ్చిందంటే, సంఘంలో ఎవరెవరు ఉండాలన్న దగ్గర. మనం గురువులం, ఆయాలతో బస్సు డ్రైవర్లతో కలిసి ఒకే సంఘమేమిటి అని కొందరు మూతి ముడుచుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ మొదట కాస్త అదోలాగే ఉంది. కానీ బుజ్జి క్లాసులో ఆ పిల్లకి కళ్ళు తిరిగినప్పుడు పట్టుకున్నది ఆయా. ఆయాకి కుర్చీ తీసేయడానికి అసలు ఎన్నడూ కుర్చీ ఉంటే కదా. వరండాలో పొద్దున్నించి సాయంత్రం దాకా నిలువుకాళ్ళ మీద ఉంటుంది. ఈ మాట నేను సమావేశంలో అన్నాను. ఇంతలో పెద్ద బస్సు డ్రైవరు తలుపు దగ్గర నించునే, మేం రోజంతా కూర్చుని చేసేవాళ్ళం, కుర్చీ విలువ మాకు తెలిసినంత మీకు తెలీదు టీచర్‌గారూ, మమ్మల్ని కలుపుకుంటే కలుపుకోండి, లేకపోతే మా బస్సులో మేం మాట్లాడుకుంటాం అన్నాడు. సోషలు టీచరు లేచి తన స్టూలు అతనికిచ్చింది. అలా అందరం ఒక్కటయ్యాం.

ఇక సమ్మె. దీని గురించి మీకు అందిన వార్తలో ఒక ముఖ్యమైన సంగతి లోపించింది. సమ్మె సాంతం ఎంతసేపు జరిగిందో మీకెవరూ చెప్పినట్టు లేదు.

పొద్దున్నే అందరం ఆవరణలో నేల మీద కూర్చున్నాం. టీచర్లు, ఆయాలు, డ్రైవర్లు, ఆఫీసు గుమాస్తా, గంట తాత. గంట తాత అంటే మా బడి గంట కొట్టే ముసలాయన, జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచి అదే పని. డ్రిల్లు మాస్టారు ఈల ఊది నినాదం అందుకున్నారు, మేం అందుకున్నాం. అంతమందిమి కలిసి కూర్చుని ఎన్నాళ్ళయిందో! సమ్మె సంగతి దేవుడెరుగు, అలా చతికిలబడడమే హాయిగా ఉంది. పెద్దాయన కిటికీలోంచి తొంగి చూసి తెర వేసేసుకున్నారు. గెలిచేశాం అనుకున్నాం.

అప్పుడు గంట మోగింది.

మోగగానే ఏం జరిగిందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. తెలివి వచ్చేసరికి నేను ఎనిమిదో తరగతి గదిలో నల్లబల్ల మీద ఆ రోజు తారీఖు రాస్తున్నాను. వెనక్కి తిరిగితే పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ముందు బెంచీలో ఒక గడుగ్గాయి చెయ్యెత్తి, టీచర్, మీరు సమ్మెలో ఉన్నారు కదా అంది. నాలిక్కరుచుకుని వరండాలోకి పరుగెత్తితే, అటు లెక్కల మాస్టారు చేతిలో సుద్దముక్కతో, ఇటు సోషలు టీచరు చంకలో అట్లాసుతో బయటికొస్తున్నారు. ఒక్కరు కాదు బావగారూ, అందరూ! గంట వినబడగానే లేచి, దులుపుకుని, వరసలో క్లాసులకు వెళ్ళిపోయాం. ఇన్నేళ్ళ అలవాటు.

ఇంతకీ గంట కొట్టిందెవరు? పెద్దాయన మనుషులే కుట్ర చేశారని డ్రిల్లు మాస్టారు ఈల నోట పెట్టుకుని వెతికారు. చూస్తే ఆవరణలో గంట తాత ఒక్కడే మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. వేళయిందని లేచి వెళ్ళి గంట కొట్టి, తిరిగొచ్చి బుద్ధిగా సమ్మెలో కూర్చున్నాడట. ఎవరూ కనబడకపోతే అందరూ టీకి వెళ్ళారనుకున్నాడట. తాతా ఎంత పని చేశావయ్యా అంటే, చెయ్యి దానంతటదే పోయిందమ్మా, నేను వెళ్ళలేదు అన్నాడు. మా కాళ్ళు కూడా వాటంతటవే పోయాయి కదా.

ఆ సాయంత్రం ల్యాబులో కుక్కిన పేనుల్లా కూర్చున్నాం. పెద్దాయన టీవీలో మా ఊరేగింపంతా చూసి కడుపు పట్టుకుని నవ్వారని గుమాస్తా చెప్పాడు. అది కాదు నాకు బాధ. బుజ్జి క్లాసు టీచరు ఓ మూలన తన రెండు మెమోలూ మడిచి సంచిలో పెట్టుకుంటోంది. నా కోసం మీరంతా నవ్వులపాలయ్యారు, నేనే మానేస్తాను లెండి అంది. మానేసి ఏం తింటావే పిచ్చిదానా అని కసిరాను. కసిరాక నాకే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఒకవేళ మేం ఓడిపోతే ముందు వీధిన పడేది ఆ పిల్ల, ఆ పిల్ల కడుపులో బిడ్డ. మిగతావాళ్ళకి పిక్కల నొప్పి తప్ప పోయేదేమీ లేదు.

లెక్కల మాస్టారు అప్పుడు బోర్డు దగ్గరకు వెళ్ళారు. ఆయనకు అక్కడికి వెళ్తే గాని ఆలోచన రాదు. గంట కొడితే క్లాసుకు వెళ్ళకుండా ఉండగలమా అని అడిగారు. లేమన్నాం. క్లాసులో పిల్లలు కనిపిస్తే పాఠం చెప్పకుండా ఉండగలమా? ఉండలేమన్నాం. అయితే చేతకానిదాని జోలికి పోవడమెందుకు, రేపు గంట కొడతారు, వెళదాం, పాఠం చెబుదాం, కాకపోతే కూర్చుని చెబుదాం అన్నారు. దేని మీద అని ఎవరో అడిగారు. భూదేవి మీద అన్నారు.

మర్నాడు అలాగే చేశాం. గంట తాత ఈసారి ధైర్యంగా కొట్టాడు. అందరం క్లాసులకు వెళ్ళి నల్లబల్ల ముందు నేల మీద కూర్చున్నాం. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నాం. వాళ్ళకి అదో పండగ. ఎప్పుడూ వెనక నుంచి తల ఎత్తనివాడు కూడా నా మోకాలి పక్కకు చేరి, ఊపిరితిత్తులు రెండెందుకు టీచర్ అని అడిగాడు.

మేం ముందుగా ఆలోచించనిది ఒకటుంది. కెమెరాలన్నీ నిలబడ్డ మనిషి ఎత్తుకి చూసేలా బిగించారు, బెంచీల ఎత్తు దాకా కనిపిస్తుంది గాని నేల కనబడదు. పెద్దాయన టీవీ పెట్టి చూసేసరికి ఏ గదిలోనూ టీచరు లేరు, పిల్లలు లేరు. నల్లబల్లలూ, ఖాళీ బెంచీలూ. బడంతా ఖాళీ! అందరూ లేచిపోయారని ఆయనకు ముచ్చెమటలు పోశాయి. గుమాస్తాను పిలిచి అందరికీ మెమోలు టైపు కొట్టమన్నారట. గుమాస్తా నేల మీద కూర్చుని, కొట్టాలంటే లేవాలి కదండీ అన్నాడట. ఇక ఆయనే పరుగు పెట్టారు. ఒక్కో గది తలుపు తోయడం, లోపల కింద నుంచి పిల్లలంతా ఒక్క గొంతుతో నమస్కారం సార్ అనడం, ఆయన ఉలిక్కిపడడం. కింది అంతస్తు, పై అంతస్తు, మళ్ళీ కింది అంతస్తు. చివరికి బుజ్జి క్లాసులోకి వచ్చి పడ్డారు. ఆయన వెనకే మేమూ చేరాం.

చూశారా బావగారూ, కూర్చునే హక్కు కోసం పోరాడుతున్నామా, పెద్దాయన ఎదుట పడగానే అందరం లేచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాం! ఆయనే మా కంటే ముందు గమనించి కాస్త చిరునవ్వు నవ్వారు కూడా. కానీ ఒక్క మనిషి లేవలేదు. బుజ్జి క్లాసు టీచరు గోడకి ఆనుకుని, చుట్టూ పసివాళ్ళతో, అలాగే కూర్చుని ఉంది. లేవలేను సార్, ఇద్దరి బరువు, అంది. మెమో ఇవ్వాలంటే ఇవ్వండి. ముందు మీరు కూర్చోండి, ఆయాసపడుతున్నారు, అంది.

ఆయన నిజంగానే రొప్పుతున్నారు. కుర్చీ కోసం అటూ ఇటూ చూశారు. ఆయన ఉత్తర్వే కదా, ఎక్కడుంటుంది? పొడుగ్గా, లావుగా ఉండే మనిషి, నేల మీద కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టం. గదిలో మిగిలింది ఒక్కటే. మొహమాటంగా వెళ్ళి కొయ్యగుర్రం మీద కూర్చున్నారు. అది ముందుకు ఊగింది, వెనక్కి ఊగింది. ఆయన దాని చెవులు పట్టుకుని నిలదొక్కుకుని, కళ్ళు మూసుకుని, అమ్మయ్య అన్నారు.

లెక్కల మాస్టారు ఒక అడుగు ముందుకేసి, ఆ అమ్మయ్యే మా కోరిక సార్, వేరే ఏమీ లేదు అన్నారు.

చర్చలు ఆ గుర్రం మీదే జరిగాయి. ఆయన కాదన్నప్పుడల్లా గుర్రం తల అవునన్నట్టు ఊగేది, పసివాళ్ళు కిలకిలమనేవారు. సరే టీచర్లకు కుర్చీలిస్తాను, ఆయాలకూ తాతకూ ఎందుకు అని మెలిక పెట్టారు. మాలో కొందరి మొహాలు అప్పటికే విప్పారాయి, కాదనను. అప్పుడు సోషలు టీచరు వెళ్ళి ఆయా పక్కన నేల మీద కూర్చుంది. ఆమె వెనక నేను, నా వెనక డ్రిల్లు మాస్టారు, అలా అందరం. నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. డ్రిల్లు మాస్టారు పైకి చూసి, కెమెరా పనిచేస్తోంది సార్, తమరు గుర్రం మీద బాగా పడుతున్నారు అన్నారు. పెద్దాయన పైకి చూశారు, కిందికి చూశారు. నవ్వాపుకోలేక నవ్వేశారు. ముందే చెప్పాను కదా, చెడ్డ మనిషి కాదు. మెమోలు రెండూ చింపేస్తామన్నారు, కుర్చీలు అందరికీ అన్నారు. ఆయనని గుర్రం మీద నుంచి లేపడానికి మాత్రం డ్రైవర్లు రావలసి వచ్చింది.

ఇప్పుడు ప్రతి గదిలో కుర్చీ ఉంది. వరండాలో ఆయాకు స్టూలుంది, గంట దగ్గర తాతకు బల్ల ఉంది. చిత్రమేమిటంటే, కుర్చీ వచ్చాక నేను దాంట్లో కూర్చునేది తక్కువే. ఎప్పటిలాగే తిరుగుతూనే చెబుతున్నాను. కాళ్ళు లాగితే కూర్చోవచ్చు అన్న ధీమా ఉంటే కాళ్ళు అంత తొందరగా లాగవు. బుజ్జి క్లాసు టీచరు మాత్రం హాయిగా కూర్చుంటోంది. ఈమధ్య కాస్త నోరు కూడా లేచింది, నిన్న నాకే ఎదురు చెప్పింది. నాకెంత సంతోషమయిందో చెప్పలేను.

ఇదీ జరిగింది. ఇందులో పరువు తక్కువ పని ఏముందో పెద్దవారు మీరే చెప్పాలి. ఆరోగ్యం జాగ్రత్త. మందులు వేళకి వేసుకోండి. పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
మీ అల్లరి మరదలు,
కార్యదర్శి, బడి సిబ్బంది సంఘం.

తాజా కలం: గుర్రం మీద పెద్దాయన ఇంకో మాట కూడా అన్నారు బావగారూ, పైన రాయడానికి చెయ్యి ఆడలేదు. కుర్చీలు తీసేయడం నా బుర్రలో పుట్టింది కాదమ్మా, హెడ్మాస్టర్ల సభలో ఒకాయన లేచి, మా బడిలో కుర్చీలు తీసేశాకే క్రమశిక్షణ వచ్చిందని గంటసేపు ఉపన్యసించారు, ఆ సర్క్యులర్ కూడా ఆయనది చూసి రాసుకున్నదే అన్నారు. ఆయన చెప్పిన పేరు మీదే.

నిలబడే బాధ గురించి అక్క నాతో ఇన్నాళ్ళూ అనలేదు. మీతోనూ అని ఉండదు. బడి గొడవలు ఇంటికి తేకూడదు, ఇంటి గొడవలు బడికి తేకూడదు అన్న మీ నియమం ఉంది కదా, పాపం ఇక అక్క ఎక్కడ చెప్పుకోవాలి? మొన్న శుక్రవారం మా గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే చూశాను. చెప్పుల వార్లు చర్మంలో దిగబడిపోయాయి. రోజూ సాయంత్రం బకెట్లో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, బజారుకు అంతదూరం ఎందుకు నడుస్తావ్ అని మీరు కోప్పడతారట. అక్క బజారుకు వెళ్ళి ఎన్నాళ్ళయిందో మీకు తెలియదు. సరుకులు పక్కింటావిడ తెచ్చిపెడుతోంది.

ఇంకొకటి. శనివారాల్లో కుట్లు నేర్చుకోవడానికి మీ ఇంటికి వచ్చే మీ బడి టీచర్లు ఇంతవరకు ఒక్క రుమాలయినా కుట్టలేదు, మీరు గమనించినట్టు లేదు. మంచి అలవాటమ్మా, మానకండి అని మీరే వాళ్ళని మెచ్చుకున్నారట. వాళ్ళు మానలేదు. అక్కను కార్యదర్శిని చేసుకున్నారు.

ఈ ఉత్తరం రేపు పొద్దున బడిలో మీ గదిలో, మీ బల్ల మీద ఉంటుంది. బల్ల వెనక మీ కుర్చీ మాత్రం ఉండదు. అది అక్క చెప్పే ఆరో తరగతిలో ఉంటుంది, మీ అటెండరే మోసిపెడతానన్నాడు. మీరు కోపంగా అక్కడికి వెళతారని నాకు తెలుసు. వెళ్ళండి. అక్క బల్ల మీద కోరికల పత్రం పెట్టుకుని ఉంటుంది, మీ చేతికిస్తుంది. దాన్ని వెంటనే చదవకండి బావగారూ. ముందు ఒక్కసారి వంగి, అక్క పాదాలు చూడండి.